రెండు చిన్న ఓడ ప్రయాణాల్లో ఒకదాన్ని ఎంచుకోవడం: ఉత్తర అమెరికా పసిఫిక్ తీరం ఉదాహరణ

విషయక్రమం

1. లక్ష్యాలు
2. పరిచయం
3. రెండు ప్రయాణక్రమాలు
4. ఓడ ఎందుకు ఆ రేవులకే వెళుతుంది?
5. దూరం, వేగం, సముద్ర దినం
6. ఒడ్డున మిగిలే గంటలు
7. సముద్రం, శరీరం
8. పత్రాల పరీక్ష
9. అసలు ఖర్చు
10. నిర్ణయ పద్ధతి
11. సారాంశం
12. మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు
13. మాదిరి పరీక్ష ప్రశ్నలు
14. ముఖ్య పదాలు

1. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

- ఓడ ప్రయాణక్రమాన్ని చూసి అందులో ఒడ్డున గడిపే సమయం ఎంతో లెక్కకట్టగలుగుతారు.
- రేవుల ఎంపిక వెనుక ఉన్న చట్టపరమైన, ఆర్థికపరమైన కారణాలను వివరించగలుగుతారు.
- భారత పాస్‌పోర్టు ఉన్న ప్రయాణికునికి ఏ ప్రయాణక్రమానికి ఏ పత్రాలు అవసరమో చెప్పగలుగుతారు.
- ప్రకటనలో కనిపించే ధరకూ అసలు ఖర్చుకూ మధ్య తేడాను చూపగలుగుతారు.
- ఒక కుటుంబం అవసరాలను బట్టి రెండు ప్రయాణక్రమాల్లో తగినదాన్ని సూచించగలుగుతారు.

2. పరిచయం

గత భాగాల్లో మీరు విమాన, రైలు ప్రయాణాల ప్రణాళిక గురించి తెలుసుకున్నారు. ఓడ ప్రయాణం వీటికి భిన్నం. విమానం మనల్ని ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చే సాధనం మాత్రమే. విహార నౌకలో సాధనమే బస, అదే భోజనశాల, అదే వినోదస్థలం. అందువల్ల "ఎక్కడికి వెళుతుంది?" అన్న ఒక్క ప్రశ్నతో ఓడ ప్రయాణాన్ని ఎంచుకోలేం.

ఈ భాగానికి ఉత్తర అమెరికా పసిఫిక్ తీరాన్ని ఉదాహరణగా తీసుకోవడానికి ఒక కారణం ఉంది. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో నివసిస్తున్నాయి. పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు అక్కడ కొన్ని నెలలు ఉంటారు. ఆ సమయంలో వారిని నాలుగు రోజులు ఓడ ఎక్కించి తిప్పాలని పిల్లలు అనుకుంటారు. రేపు మీరు హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక ట్రావెల్ ఏజెన్సీలో పనిచేస్తున్నప్పుడు ఇలాంటి కుటుంబం మీ సలహా అడగవచ్చు. మీరిచ్చే సలహాలో పొరపాటు జరిగితే పోయేది డబ్బు మాత్రమే కాదు. సరైన వీసా లేని ప్రయాణికుణ్ణి రేవు దగ్గరే ఆపేస్తారు. పత్రాల లోపంతో ఆగిపోయినవారికి టికెట్టు డబ్బు సాధారణంగా తిరిగి రాదు.

3. రెండు ప్రయాణక్రమాలు

పోలిక కోసం కింది రెండు నమూనాలను గమనించండి. రెండూ నాలుగు రాత్రుల ప్రయాణాలే. ఇక్కడ ఇచ్చిన వేళలు అభ్యాసం కోసం ఇచ్చినవి. నిజమైన ప్రయాణంలో ఓడను బట్టి, తేదీని బట్టి ఇవి మారుతాయి.

మొదటి ప్రయాణక్రమం: లాస్ ఏంజెలెస్ నుంచి బయలుదేరి లాస్ ఏంజెలెస్‌కే తిరిగి రావడం

- 1వ రోజు: సాయంత్రం 5 గంటలకు లాస్ ఏంజెలెస్ రేవు నుంచి బయలుదేరడం
- 2వ రోజు: కాటలీనా ద్వీపం, ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు
- 3వ రోజు: మెక్సికోలోని ఎన్సెనాడా, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు
- 4వ రోజు: సముద్రంలో
- 5వ రోజు: ఉదయం 6 గంటలకు లాస్ ఏంజెలెస్

రెండో ప్రయాణక్రమం: వాంకూవర్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు ఒకవైపు ప్రయాణం

- 1వ రోజు: సాయంత్రం 5 గంటలకు కెనడాలోని వాంకూవర్ నుంచి బయలుదేరడం
- 2వ రోజు: సముద్రంలో
- 3వ రోజు: శాన్ ఫ్రాన్సిస్కో, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 10 వరకు
- 4వ రోజు: సముద్రంలో
- 5వ రోజు: ఉదయం 6 గంటలకు లాస్ ఏంజెలెస్

మొదటిదాన్ని చుట్టుప్రయాణం అంటారు. బయలుదేరిన రేవుకే ఓడ తిరిగి వస్తుంది. రెండోదాన్ని స్థానమార్పిడి ప్రయాణం అంటారు. వేసవిలో అలాస్కా యాత్రలు నడిపే ఓడలకు శరదృతువు రాగానే అక్కడ పని ముగుస్తుంది. అవి చలికాలానికి దక్షిణాన ఉన్న వెచ్చని జలాలకు చేరుకోవాలి. ఖాళీగా వెళ్లేకంటే ఆ దారిలోనూ ప్రయాణికులను ఎక్కించుకోవడం కంపెనీకి లాభం. అందుకే ఇలాంటి ప్రయాణాలు ఏడాది పొడవునా దొరకవు. దక్షిణ దిశగా వెళ్లేవి ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఉంటాయి. వసంతంలో అవే ఓడలు తిరిగి ఉత్తర దిశగా వెళతాయి. మొదటి రకం ప్రయాణాలు మాత్రం అన్ని కాలాల్లోనూ నడుస్తాయి.

4. ఓడ ఎందుకు ఆ రేవులకే వెళుతుంది?

మొదటి ప్రయాణక్రమాన్ని చూడగానే ఒక ప్రశ్న రావాలి. కాలిఫోర్నియా తీరంలోనే శాన్ డియెగో, శాంటా బార్బరా వంటి అందమైన ఊళ్లు ఉండగా ఓడ మెక్సికో వరకు ఎందుకు వెళుతోంది?

దీనికి సమాధానం 1886 నాటి ఒక అమెరికన్ చట్టంలో ఉంది. దాని పేరు ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ చట్టం. అమెరికాలోని రేవుల మధ్య ప్రయాణికులను చేరవేసే హక్కు అమెరికాలో నిర్మించి, అక్కడే నమోదు చేసిన ఓడలకే ఉంటుందని దీని సారాంశం. అయితే పెద్ద విహార నౌకలు దాదాపు అన్నీ బహమాస్, పనామా, బెర్ముడా వంటి దేశాల జెండాలతో నడుస్తాయి. పన్నులు, సిబ్బంది జీతాలు, నిర్మాణ వ్యయం ఇందుకు కారణాలు. ఇలాంటి ఓడ అమెరికా రేవు నుంచి బయలుదేరి అదే రేవుకు తిరిగి రావాలంటే మధ్యలో కనీసం ఒక విదేశీ రేవులో ఆగాలి. లాస్ ఏంజెలెస్‌కు దక్షిణాన పెద్ద ఓడలు ఆగగల దగ్గరి విదేశీ రేవు ఎన్సెనాడా. కాబట్టి ఎన్సెనాడా ఆ జాబితాలో అందం కోసం మాత్రమే లేదు, చట్టం కోసం కూడా ఉంది.

రెండో ప్రయాణక్రమానికి ఈ చిక్కు లేదు. అది విదేశమైన కెనడాలో మొదలై అమెరికాలో ముగుస్తుంది. అందువల్ల మధ్యలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆగినా చట్టానికి విరుద్ధం కాదు.

ఈ విషయం తెలిస్తే ప్రయాణికునికి ఏం లాభం? వాతావరణం బాగాలేనప్పుడు ఏ రేవును వదిలేస్తారో ముందే ఊహించవచ్చు. మొదటి ప్రయాణంలో కాటలీనాను వదిలేసే అవకాశమే ఎక్కువ. ఎన్సెనాడాను వదిలేస్తే చట్టపరమైన సమస్య వస్తుంది. రేవులను మార్చే, రద్దు చేసే హక్కు తమకు ఉందని కంపెనీలు టికెట్టు ఒప్పందంలోనే రాసుకుంటాయి. ఒక రేవు రద్దయితే సాధారణంగా ఆ రేవు రుసుము మాత్రమే తిరిగి వస్తుంది. కాబట్టి కేవలం కాటలీనా కోసమే ఈ ప్రయాణం ఎంచుకునేవారికి ఈ సంగతి ముందే చెప్పాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

అ) చుట్టుప్రయాణానికీ స్థానమార్పిడి ప్రయాణానికీ తేడా ఏమిటి?
ఆ) మొదటి ప్రయాణక్రమంలో ఎన్సెనాడా ఎందుకు తప్పనిసరి?

5. దూరం, వేగం, సముద్ర దినం

ఓడ రేవులో ఆగకుండా నీటి మీదే గడిపే రోజును సముద్ర దినం అంటారు. మన నమూనాల్లో మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు సముద్ర దినాలు ఉన్నాయి. పేరు ఒకటే అయినా ఇవన్నీ ఒకటి కావు. దీన్ని లెక్క వేసి చూద్దాం.

సముద్రంలో దూరాన్ని నాటికల్ మైళ్లలో కొలుస్తారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక నాట్ అంటారు. పెద్ద విహార నౌకలు సులువుగా 18 నుంచి 20 నాట్ల వేగంతో వెళ్లగలవు.

వాంకూవర్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు సముద్ర మార్గం సుమారు 800 నాటికల్ మైళ్లు. 1వ రోజు సాయంత్రం 5 నుంచి 3వ రోజు మధ్యాహ్నం 12 వరకు 43 గంటలు. 800ని 43తో భాగిస్తే సగటున 18.6 నాట్లు వస్తుంది. అంటే ఓడ దాదాపు ఆగకుండా పూర్తి వేగంతో సాగాలి. ఇక్కడ సముద్ర దినం దూరం వల్ల తప్పనిసరి అయింది.

ఇప్పుడు మొదటి ప్రయాణాన్ని చూడండి. ఎన్సెనాడా నుంచి లాస్ ఏంజెలెస్‌కు సుమారు 145 నాటికల్ మైళ్లు. 3వ రోజు సాయంత్రం 6 నుంచి 5వ రోజు ఉదయం 6 వరకు 36 గంటలు. 145ని 36తో భాగిస్తే 4 నాట్లు! మనిషి నడకకంటే కొంచెం ఎక్కువ వేగం. ఒక్క రాత్రిలో ముగిసే దూరానికి ఓడ ఒకటిన్నర రోజు తీసుకుంటోంది. ఇక్కడ సముద్ర దినం అవసరం వల్ల రాలేదు, ఏర్పాటు వల్ల వచ్చింది. నెమ్మదిగా వెళితే ఇంధనం ఆదా అవుతుంది. ఓడలోని దుకాణాలు, క్యాసినో రేవులో ఉన్నప్పుడు సాధారణంగా మూసి ఉంటాయి, సముద్రంలో తెరుస్తారు. ఆ రోజు ప్రయాణికులకు విశ్రాంతి, కంపెనీకి ఆదాయం.

ఈ లెక్క నుంచి ఒక ముఖ్యమైన సూత్రం దొరుకుతుంది. వేగంలో మిగులు ఉన్న ప్రయాణక్రమం ఆలస్యాన్ని తట్టుకుంటుంది. మొదటి ప్రయాణంలో ఓడ మూడు గంటలు ఆలస్యంగా బయలుదేరినా వేగం కాస్త పెంచి మరుసటి రేవుకు వేళకే చేరగలదు. రెండో ప్రయాణంలో వాంకూవర్ దగ్గర మూడు గంటలు ఆలస్యమైతే ఆ మేరకు శాన్ ఫ్రాన్సిస్కోలో మీ సమయం తగ్గిపోవచ్చు. శాన్ ఫ్రాన్సిస్కో దాటిన తరువాత మాత్రం మిగులు ఉంటుంది. అక్కడి నుంచి లాస్ ఏంజెలెస్ సుమారు 370 నాటికల్ మైళ్లే, చేతిలో 32 గంటలు ఉంటాయి.

6. ఒడ్డున మిగిలే గంటలు

ప్రకటనలో "ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు" అని ఉంటే తొమ్మిది గంటలు ఒడ్డున తిరగవచ్చని అనుకోకండి. అది ఓడ అక్కడ ఉండే సమయం, మీరు ఒడ్డున ఉండే సమయం కాదు. అందులో నుంచి దిగడానికి పట్టే సమయాన్ని, ఓడ కదిలే వేళకు ముందే తిరిగి ఎక్కవలసిన సమయాన్ని తీసివేయాలి.

కాటలీనాలోని అవలాన్ పట్టణంలో పెద్ద ఓడలు ఒడ్డుకు ఆనుకుని నిలిచే కట్ట లేదు. ఓడ నీటిలో లంగరు వేస్తుంది. ప్రయాణికులను టెండర్ అనే చిన్న పడవల్లో ఒడ్డుకు చేరవేస్తారు. వేలమంది దిగాలి కాబట్టి వరుస తప్పదు. ఎన్సెనాడాలో, శాన్ ఫ్రాన్సిస్కోలో ఓడ నేరుగా కట్టకు ఆనుతుంది, మెట్లు దిగితే నేల మీదే ఉంటారు.

నమూనా లెక్క ఇది:

- కాటలీనా: 9 గంటల్లో దిగడానికి 1.5 గంటలు, తిరుగు జాగ్రత్తకు 1 గంట పోగా 6.5 గంటలు
- ఎన్సెనాడా: 9 గంటల్లో దిగడానికి 0.5 గంట, తిరుగు జాగ్రత్తకు 1 గంట పోగా 7.5 గంటలు
- మొదటి ప్రయాణం మొత్తం: 14 గంటలు
- శాన్ ఫ్రాన్సిస్కో: 10 గంటల్లో దిగడానికి 0.5 గంట, తిరుగు జాగ్రత్తకు 1 గంట పోగా 8.5 గంటలు
- రెండో ప్రయాణం మొత్తం: 8.5 గంటలు

గంటలతో పాటు ఆ గంటల్లో ఏం చూడవచ్చో కూడా తెలుసుకోవాలి.

అవలాన్ చిన్న ఊరు. కార్ల సంఖ్య మీద పరిమితి ఉండటంతో వీధుల్లో గోల్ఫ్ బండ్లు తిరుగుతుంటాయి. ఒడ్డున గుండ్రంగా కనిపించే పెద్ద భవనాన్ని క్యాసినో అంటారు. పేరు విని జూదశాల అనుకోవద్దు. 1929లో తెరిచిన ఆ భవనంలో సినిమాహాలు, నృత్యశాల ఉన్నాయి. నడుస్తూనే ఊరంతా చూడవచ్చు.

ఎన్సెనాడాలో రేవుకు దగ్గరలోనే బజారు వీధి ఉంది. ఎక్కువమంది చూసేది ఊరికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని లా బుఫాదోరా. అక్కడ సముద్రపు అల కొండ గుహలోకి దూరి, లోపలి గాలిని అదిమి, ఒక్కసారిగా నీటిని పైకి చిమ్ముతుంది. రానుపోను ప్రయాణానికే గంటన్నర, రెండు గంటలు కేటాయించాలి.

శాన్ ఫ్రాన్సిస్కోకు ఓడలో చేరడమే ఒక దృశ్యం. 1937లో ప్రారంభమైన గోల్డెన్ గేట్ వంతెన కింద నుంచి ఓడ రేవులోకి ప్రవేశిస్తుంది. ఓడరేవు నగరం నడిబొడ్డుకు దగ్గరే. అయితే మీ ప్రయాణికుల పిల్లలు శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లోనే నివసిస్తుంటే ఆ నగరాన్ని వారు అప్పటికే చూసి ఉంటారు. అప్పుడు రెండో ప్రయాణంలో కొత్తగా చూసేది వంతెన కింది ప్రవేశం, వాంకూవర్ నగరం మాత్రమే అవుతాయి.

ఇంకొక అపోహను కూడా తొలగించాలి. "తీర ప్రయాణం" అన్న పేరు చూసి నాలుగు రోజులూ కిటికీలో నుంచి కొండలు, తీరం కనిపిస్తాయని చాలామంది ఆశపడతారు. ఓడలు భద్రత కోసం తీరానికి చాలా దూరంగా వెళతాయి. రాత్రివేళ ప్రయాణం ఎలాగూ ఉంటుంది. పగలు కూడా ఎక్కువ భాగం కనిపించేది నీరే.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

అ) 120 నాటికల్ మైళ్ల దూరాన్ని ఓడ 15 గంటల్లో దాటితే సగటు వేగం ఎంత?
ఆ) టెండర్ పడవ అంటే ఏమిటి? అది ఒడ్డున గడిపే సమయాన్ని ఎలా తగ్గిస్తుంది?

7. సముద్రం, శరీరం

పసిఫిక్ అన్న పేరుకు శాంతమైనది అని అర్థం. కానీ ఉత్తర కాలిఫోర్నియా, ఆరెగాన్ తీరాల దగ్గర ఆ సముద్రం అంత శాంతంగా ఉండదు. వాయవ్యం నుంచి వచ్చే పెద్ద అలలకు అక్కడ అడ్డు లేదు. శరదృతువు ముదిరేకొద్దీ తుఫానుల ప్రభావం పెరుగుతుంది. రెండో ప్రయాణంలో మొదటి సముద్ర దినం సరిగ్గా ఈ ప్రాంతంలోనే గడుస్తుంది.

కాలిఫోర్నియా తీరం పాయింట్ కన్సెప్షన్ దగ్గర తూర్పుకు మలుపు తిరుగుతుంది. దాని దక్షిణాన ఉన్న నీటికి ఆ మలుపు, అక్కడి ద్వీపాలు కొంత రక్షణ ఇస్తాయి. మొదటి ప్రయాణం పూర్తిగా ఈ దక్షిణ జలాల్లోనే సాగుతుంది. అందుకని ఓడ ఊగడం సాధారణంగా తక్కువగా ఉంటుంది. ఓడ ఊగితే కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారికి కింది అంతస్తుల్లో, ఓడ మధ్యభాగంలో ఉన్న గది మేలు. ముందు వెనుక భాగాల్లో, పై అంతస్తుల్లో కదలిక ఎక్కువగా తెలుస్తుంది.

మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దవారి విషయంలో లెక్క తారుమారు కావచ్చు. కాటలీనాలో ఓడ నుంచి ఊగుతున్న చిన్న పడవలోకి అడుగు వేయాలి. అలలు ఎక్కువగా ఉన్నప్పుడు చక్రాల కుర్చీలో ఉన్నవారిని టెండర్‌లోకి అనుమతించకపోవచ్చు. కాబట్టి "మొదటిది తేలిక, రెండోది కష్టం" అని ఒక్క మాటలో తేల్చలేం. ఎవరికి ఏ కష్టం అన్నది అడిగి తెలుసుకోవాలి.

భోజనం గురించి పెద్దలు తప్పక అడుగుతారు. భారతీయ శాకాహార భోజనం కావాలని ముందుగా కోరితే చాలా కంపెనీలు ఏర్పాటు చేస్తాయి. అయితే అది మన ఇంటి వంట కాదు. పెరుగన్నం లేనిదే నిద్రపట్టనివారికి ఈ విషయం ముందే చెప్పడం మంచిది.

8. పత్రాల పరీక్ష

ఈ భాగంలో అతి ముఖ్యమైన విషయం ఇదే. ధర, దృశ్యాలు, భోజనం గురించి ఆలోచించే ముందు పత్రాలు సరిపోతాయో లేదో చూడాలి. వీసా సంగతి తేలకుండా ఓడ గది ఎంచుకోవడం "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్లే ఉంటుంది.

భారత పాస్‌పోర్టుతో, అమెరికా సందర్శకుల వీసా అయిన బి-2పై వెళ్లిన తల్లిదండ్రుల విషయం చూద్దాం.

మొదటి ప్రయాణం: మెక్సికోలో దిగాలి, తిరిగి అమెరికాలో ప్రవేశించాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉన్న భారతీయులకు మెక్సికో పర్యటనకు ప్రత్యేక వీసా అక్కరలేదు. తిరిగి వచ్చేటప్పుడు అమెరికా వీసా ఆ తేదీకి చెల్లుబాటులో ఉండాలి, పలుమార్లు ప్రవేశించడానికి అనుమతించేదై ఉండాలి. ఒకసారి మాత్రమే ప్రవేశానికి ఇచ్చిన వీసా అయితే అది మొదటి రాకతోనే ఖర్చయిపోయినట్లు. పాస్‌పోర్టులోని వీసా పుటపై ఈ వివరం ఉంటుంది, తప్పక చూడండి.

రెండో ప్రయాణం: ముందు విమానంలో వాంకూవర్ చేరాలి. భారత పాస్‌పోర్టు ఉన్న సందర్శకులకు కెనడా వీసా కావాలి. అమెరికా బి-2 వీసా దానికి బదులు కాదు. దరఖాస్తు, వేలిముద్రలు, పాస్‌పోర్టుపై వీసా వేయించుకోవడం అన్నీ కలిపి వారాలు పట్టవచ్చు. అమెరికాలో గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రం పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు చూపితే కెనడా వీసా అవసరం లేదు.

మరో మూడు జాగ్రత్తలు గుర్తుంచుకోండి.

ఒకటి: వీసా గడువు వేరు, అమెరికాలో ఉండటానికి ఇచ్చిన గడువు వేరు. రెండోది ఐ-94 అనే నమోదులో ఉంటుంది. నాలుగు రోజులు మెక్సికో వెళ్లివస్తే ఆ గడువు కొత్తగా ఆరు నెలలు పెరుగుతుందని ఎవరికీ చెప్పకండి.

రెండు: హెచ్-1బి ఉద్యోగం చేస్తున్న పిల్లల్లో కొందరికి ఉద్యోగ అనుమతి కొనసాగుతున్నా పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు ముగిసి ఉంటుంది. మెక్సికో, కెనడాలకు 30 రోజులు మించని ప్రయాణం చేసి వచ్చేవారికి ఒక సడలింపు నియమం ఉంది కానీ దానికి షరతులున్నాయి. దాన్ని నమ్ముకుని టికెట్టు కొనే ముందు వలస చట్టాల న్యాయవాదిని, ఓడ కంపెనీని అడిగి తీరాలి. తల్లిదండ్రుల పత్రాలు మాత్రమే చూసి పిల్లల పత్రాలు చూడకపోవడం తరచుగా జరిగే లోపం.

మూడు: అక్కడే పుట్టిన మనవలు అమెరికా పౌరులు. చుట్టుప్రయాణంలో చిన్నపిల్లలైన పౌరులు జనన ధ్రువపత్రంతో ఓడ ఎక్కవచ్చు. రెండో ప్రయాణానికి విమానంలో వాంకూవర్ వెళ్లాలి కాబట్టి వారికి పాస్‌పోర్టు తప్పదు.

నియమాలు మారుతుంటాయి. అందువల్ల టికెట్టు కొనేరోజున ఆయా ప్రభుత్వాల అధికారిక సమాచారాన్ని మరొకసారి చూసుకోవాలి.

9. అసలు ఖర్చు

కింది అంకెలు అభ్యాసం కోసం ఊహించినవి. ఒక మనిషికి అమెరికన్ డాలర్లలో:

మొదటి ప్రయాణం
- టికెట్టు: 300
- పన్నులు, రేవు రుసుములు: 130
- సిబ్బంది పారితోషికం, రోజుకు 17 చొప్పున 4 రోజులకు: 68
- కారు నిలుపుదల, పెట్రోలు: 40
- మొత్తం: 538

రెండో ప్రయాణం
- టికెట్టు: 320
- పన్నులు, రేవు రుసుములు: 120
- సిబ్బంది పారితోషికం: 68
- వాంకూవర్‌కు విమానం: 180
- ముందురోజు రాత్రి హోటల్లో బస, సగం వాటా: 90
- కెనడా వీసా, వేలిముద్రల రుసుము: 135
- మొత్తం: 913

ప్రకటనలో రెండింటి మధ్య తేడా 20 డాలర్లే. అసలు తేడా 375 డాలర్లు. దంపతులకు 750 డాలర్లు. హోటల్ ఖర్చు వృథా అనుకోకండి. ఓడ బయలుదేరే రోజునే విమానంలో వెళితే, విమానం ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది. విమానం కోసం ఓడ ఆగదు.

వైద్య బీమాను కూడా ఖర్చులో భాగంగా చూడండి. ఓడలోని వైద్యశాల రుసుములు ఎక్కువ. తల్లిదండ్రుల కోసం తీసుకున్న సందర్శకుల బీమా అమెరికాకే పరిమితమా, మెక్సికో, కెనడాలకు, సముద్రంలో ఉన్నప్పుడు కూడా వర్తిస్తుందా అన్నది పాలసీ చదివి తెలుసుకోవాలి.

10. నిర్ణయ పద్ధతి

నిర్ణయాన్ని రెండు మెట్లలో తీసుకోవాలి.

మొదటి మెట్టు జల్లెడ. తప్పనిసరి షరతులు నెరవేరుతాయా? పత్రాలు, తేదీలు, ఆరోగ్యం ఈ మెట్టులోకి వస్తాయి. ఇందులో ఒక్కటి తప్పినా ఆ ప్రయాణక్రమాన్ని పక్కన పెట్టాలి. ఎంత చవకైనా, ఎంత అందమైనా లాభం లేదు.

రెండో మెట్టు తూకం. జల్లెడ దాటిన వాటికి కుటుంబం ఇష్టాలను బట్టి ప్రాధాన్యం ఇచ్చి మార్కులు వేయాలి. ప్రాధాన్యాన్ని మార్కుతో గుణించి కూడాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. అరవై ఏళ్లు దాటిన దంపతులు గుంటూరు నుంచి లాస్ ఏంజెలెస్‌లోని కూతురి దగ్గరికి వెళ్లారు. పలుమార్లు ప్రవేశానికి వీలున్న బి-2 వీసా ఉంది, కెనడా వీసా లేదు. తిరుగు ప్రయాణానికి ఐదు వారాలే ఉంది. జల్లెడ దగ్గరే రెండో ప్రయాణం దాదాపు ఆగిపోతుంది. కెనడా వీసా ఉందనుకుని తూకం వేసినా ఫలితం ఇలా ఉంటుంది. వారి ప్రాధాన్యాలు: ఖర్చు 3, శారీరక సౌకర్యం 4, ఒడ్డున సమయం 2, సముద్ర అనుభవం 1.

- మొదటి ప్రయాణం మార్కులు వరుసగా 4, 3, 4, 2. మొత్తం 12+12+8+2 = 34
- రెండో ప్రయాణం మార్కులు వరుసగా 2, 3, 3, 5. మొత్తం 6+12+6+5 = 29

మరొక ఉదాహరణ. గ్రీన్‌కార్డులున్న యువ దంపతులు లాస్ ఏంజెలెస్‌లో ఉంటారు. వాంకూవర్‌లో బంధువులున్నారు కాబట్టి హోటల్ అక్కరలేదు, వీసా రుసుమూ లేదు. వారికి రెండో ప్రయాణం ఖర్చు 913 నుంచి 688కి తగ్గుతుంది. అందుచేత ఖర్చు విషయంలో దానికి 2 బదులు 3 మార్కులు వేయవచ్చు. రెండు రోజులు ఫోను పక్కన పెట్టి సముద్రాన్ని చూస్తూ కూర్చోవాలన్నది వారి కోరిక. వారి ప్రాధాన్యాలు: ఖర్చు 1, శారీరక సౌకర్యం 1, ఒడ్డున సమయం 3, సముద్ర అనుభవం 5.

- మొదటి ప్రయాణం: 4+3+12+10 = 29
- రెండో ప్రయాణం: 3+3+9+25 = 40

ప్రయాణాలు అవే, ప్రయాణికులు మారారు, జవాబు మారింది. మార్కులు మీరు వేయవచ్చు కానీ ప్రాధాన్యాలు ప్రయాణికులే చెప్పాలి. ముఖ్యంగా, ప్రయాణం చేసే తల్లిదండ్రులను అడగకుండా డబ్బు కట్టే పిల్లల మాట మాత్రమే విని నిర్ణయించకూడదు. మోకాలి నొప్పి సంగతి కొడుకుతో చెప్పని తండ్రి, మీరు అడిగితే చెప్పవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 3

అ) జల్లెడకూ తూకానికీ తేడా ఏమిటి?
ఆ) బి-2 వీసా ఉన్న భారతీయులు రెండో ప్రయాణానికి అదనంగా ఏ పత్రం పొందాలి?

11. సారాంశం

చిన్న ఓడ ప్రయాణాలు పైకి ఒకేలా కనిపించినా వాటి నిర్మాణం వేరు. లాస్ ఏంజెలెస్ చుట్టుప్రయాణంలో దూరాలు తక్కువ, ఒడ్డున గంటలు ఎక్కువ, సముద్రం కొంత నెమ్మది, పత్రాల భారం తక్కువ. అయితే కాటలీనాలో టెండర్ పడవ ఎక్కాలి, అలలు పెరిగితే ఆ రేవే రద్దు కావచ్చు. వాంకూవర్ నుంచి వచ్చే స్థానమార్పిడి ప్రయాణంలో సముద్ర అనుభవం, గోల్డెన్ గేట్ కింది ప్రవేశం ప్రత్యేకం. అయితే కెనడా వీసా, ఒకవైపు విమానం, ఉత్తర జలాల ఊపు, కొద్ది నెలలకే పరిమితమైన తేదీలు దాని షరతులు. ముందు పత్రాలు, ఆరోగ్యం, తేదీలతో జల్లెడ పట్టి, తరువాత ప్రయాణికుల ప్రాధాన్యాలతో తూకం వేయాలి.

12. మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు

1. అ) చుట్టుప్రయాణం మొదలైన రేవులోనే ముగుస్తుంది. స్థానమార్పిడి ప్రయాణం ఓడ ఒక ప్రాంతం నుంచి మరొక ప్రాంతానికి మారేటప్పుడు ఒకవైపు మాత్రమే సాగుతుంది. ఆ) విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవు నుంచి బయలుదేరి అక్కడికే తిరిగి రావాలంటే 1886 చట్టం ప్రకారం ఒక విదేశీ రేవులో ఆగాలి.

2. అ) 8 నాట్లు. ఆ) లంగరు వేసిన ఓడ నుంచి ఒడ్డుకు ప్రయాణికులను చేరవేసే చిన్న పడవ. వరుసలో వేచి ఉండటం వల్ల, రానుపోను ప్రయాణం వల్ల సమయం తగ్గుతుంది.

3. అ) జల్లెడలో ఒక్క షరతు తప్పినా ప్రయాణక్రమాన్ని వదిలేస్తాం. తూకంలో ఒక లోపాన్ని మరొక మేలుతో సరిపుచ్చవచ్చు. ఆ) కెనడా సందర్శక వీసా.

13. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రెండు చిన్న ఓడ ప్రయాణాలను పోల్చేటప్పుడు పరిశీలించవలసిన అంశాలను ఉదాహరణలతో వివరించండి.
2. ప్రకటనలోని ధర అసలు ఖర్చును ఎందుకు తెలపదో లెక్కలతో చూపండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సముద్ర దినాలు రెండు రకాలని ఎలా చెప్పగలరు?
2. హెచ్-1బి ఉద్యోగి తల్లిదండ్రులతో కలిసి మొదటి ప్రయాణం చేయాలనుకుంటే మీరు అడిగే ప్రశ్నలేవి?

14. ముఖ్య పదాలు

చుట్టుప్రయాణం: బయలుదేరిన రేవుకే తిరిగి వచ్చే ప్రయాణం.
స్థానమార్పిడి ప్రయాణం: కాలాన్ని బట్టి ఓడను ఒక ప్రాంతం నుంచి మరొక ప్రాంతానికి తరలించేటప్పుడు సాగే ప్రయాణం.
సముద్ర దినం: రేవులో ఆగకుండా ఓడ సముద్రంలోనే ఉండే రోజు.
టెండర్: లంగరు వేసిన ఓడకూ ఒడ్డుకూ మధ్య నడిచే చిన్న పడవ.
నాట్: గంటకు ఒక నాటికల్ మైలు వేగం.